పాలోడి కూతుళ్ళు

పోయిన నెల ఇంటి వెనక కొత్త గదికి పునాది తవ్వుతుంటే గడ్డపార రాతికి తగిలి ఠంగుమంది. కూలీలు మట్టి తీసి చూస్తే రాతి తొట్టి. ఒక పక్క పగిలి ఉంది, అడుగున ఎర్రమట్టి గట్టిపడి ఉంది. మా మనవరాలు వెంటనే ఫోనులో ఫోటో తీసి, "మామ్మా, కడిగించి దీంట్లో తామర మొక్క వేద్దాం, వాకిట్లో బాగుంటుంది" అంది. కుడితి తొట్టిలో తామర పువ్వట. నేను వంగి దాని అంచు మీద చెయ్యి పెట్టి చూశాను. గేదెలు మెడ ఆనించి ఆనించి ఒకచోట నున్నగా అరిగింది. ఇన్నేళ్ళు మట్టిలో ఉన్నా ఆ నునుపు పోలేదు. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, మా చిన్న కూతురి పలక మీద, దాని పక్కన కూర్చుని నేర్చుకున్నాను. చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు. ఆ తొట్టి మా అయ్యది. ఆయన గురించి రాయాలని కూర్చున్నాను.

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో తెలుగువాడంటే రైల్వేవాడే. ఎవరైనా కొత్తవాడు కనబడితే పేరు తరువాత అడుగుతారు, ముందు "ఏ షాపు?" అని అడుగుతారు. షాపంటే కొట్టు కాదు, కార్ఖానాలో ఏ విభాగం అని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇంజన్లు కడిగే పనిలో చేరి, అదే పనిలో నడుము వంగిపోయి రిటైరయ్యాడు. ఆయన దిగేటప్పుడు ఇంట్లో ఒక కొడుక్కి ఉద్యోగం ఇస్తామన్నారు. పెద్ద కొడుకు మా అయ్య. వాడుక ప్రకారం ఆయనకే రావాలి. ఆయనేమో, "తమ్ముడికి ఇయ్యండి, నాకు గేదెలున్నాయి" అన్నాడు. ఆ ఒక్క మాటకి మా నాయనమ్మ బతికినన్నాళ్ళూ ఆయన్ని క్షమించలేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చేముందు ఇది చెప్పేది: "నా కడుపున ఒకడు రైలోడు పుట్టినాడమ్మా, ఒకడు గేదెలోడు పుట్టినాడు. ఒక్క సెట్టుకే రెండు కాయలు." మా అయ్య పక్కనే గడ్డి కోస్తూ విని, "గేదెలోడు పోసిన పాలే కదే అమ్మా, నువ్వు తాగి తిడతన్నావు" అనేవాడు. ఆమె గ్లాసు ఖాళీ చేశాకే మళ్ళీ తిట్టేది.

మా ఇల్లు తాల్‌బగీచా పేట చివర్లో ఉండేది, ఇప్పుడు నేనుండేదీ ఆ జాగాలోనే. అప్పటికి ఇన్ని మేడలు లేవు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళ తడిక ఇళ్ళు, వాళ్ళ మధ్య మావి కొన్ని తెలుగు ఇళ్ళు, వెనక మొరం నేల, గుగ్గిలం చెట్లు. మా ఇంట్లో మనుషులకి ఒక గది, గేదెలకి రెండు గదులంత సాల. సాలకి పెంకులు, ఇంటికి గడ్డి. మా అమ్మ పెళ్ళయి వచ్చిన రోజు సాలనే ఇల్లనుకుని అటు కాలు పెట్టబోయిందట. "అది వాళ్ళది, మనది ఇటు" అన్నాడట మా అయ్య. ఆ రోజు నుంచి మా అమ్మ గేదెల్ని "నా సవతులు" అనేది. అందులో పెద్ద సవతి సుక్కమ్మ, నుదుటి మీద తెల్ల చుక్క ఉన్న గేదె.

ఇంకా చీకటి విడవకముందే మా అయ్య లేచేవాడు. కళ్ళు తెరవకుండానే నాకు ఏం జరుగుతోందో తెలిసేది. ముందు బీడీ వాసన. తరువాత తవుడు, ఆవపిండి చెక్క నానిన కుడితి పులుపు వాసన. పిడకల పొగ. అప్పుడు దూడని విప్పిన చప్పుడు, అది ఆత్రంగా తల్లి పొదుగుని కుమ్మే చప్పుడు. దూడ కాస్త తాగాక గేదె పాలు దించుతుంది. దాన్నే చేపడం అంటారు. గేదె చేపకపోతే ఎంత పిండినా చుక్క రాదు. మా అయ్యకి ఏ గేదె ఎలా చేపుతుందో తెలుసు. ఒకదానికి వీపు మీద తట్టాలి, ఒకదానికి ఏమీ చెయ్యకుండా ఊరుకోవాలి. సుక్కమ్మకి మాత్రం మాటలు కావాలి. ఆయన దాని పొట్టకి నుదురు ఆనించి, ముందురోజు సంగతులన్నీ చెప్పేవాడు. బజారులో ఎవరు ఎవర్ని తిట్టారు, ఏ ఇంట్లో పెళ్ళి కుదిరింది. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఆ మాటలేవో నాకు సెప్పొచ్చు కదా" అనేది. "నువ్వు పాలిస్తావేటి?" అనేవాడాయన. పాలు గిన్నెలో పడే చప్పుడు మొదట సన్నగా, గిన్నె నిండేకొద్దీ బొద్దుగా మారేది. ఆ చప్పుడు మారేలోపల నాకు మళ్ళీ నిద్ర పట్టేసేది. ఇప్పుడు గుమ్మం ముందు ప్లాస్టిక్ సంచిలో పాలు ఉంటాయి. దానికి చప్పుడు లేదు. వాసనా లేదు.

తెల్లవారితే సైకిలుకి రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని ఆయన పాలు పొయ్యడానికి వెళ్ళేవాడు. అటు నుంచి కార్ఖానాకి వెళ్ళే సైకిళ్ళ వరద, ఇటు నుంచి ఎదురుగా మా అయ్య ఒక్కడూ. ఇంజను మసి పాలల్లో పడకుండా క్యాన్ల మీద తడిగుడ్డ కట్టేవాడు. నేనూ, మా చెల్లి చిట్టీ వంతులవారీగా ముందు కడ్డీ మీద కూర్చుని వెళ్ళేవాళ్ళం. హిజ్లీలో పంతుళ్ళ క్వార్టర్స్‌లో ఒక బెంగాలీ మాషీమా, అంటే మన పిన్నిగారి వరస, ఉండేది. రోజూ పాలల్లో వేలు ముంచి చూసి, "దాదా, ఈరోజు నీళ్ళు ఎక్కువ, పాలు తక్కువ" అని బెంగాలీలో నిలదీసేది. మా అయ్య కూడా తన బెంగాలీలో, "నేను కలపలేదు మాషీమా, వానలో గేదె తడిసింది" అనేవాడు. ఆవిడ నవ్వాపుకుని, మూతి బిగించి, గిన్నె ముందుకి జరిపేది. ఇది ఎండాకాలంలో కూడా జరిగేది.

పగలు గేదెల్ని రైలు కట్ట పక్కన, కట్ట కోసం మట్టి తవ్వగా మిగిలిన గుంటలకి తోలుకెళ్ళేవాడు. అవి నీళ్ళలో పడుకుంటే గట్టు మీద ఆయన. పైన గూడ్సు బండి వెళుతుంటే గేదెలు తలెత్తేవి కావు. అలవాటు. సాయంత్రం గడ్డి చుట్టతో ఒక్కొక్కదాన్నీ తోమి, ఆవనూనె రాసి, అప్పుడు మా వైపు తిరిగేవాడు. అదే గడ్డి చుట్ట తీసుకుని, "రండే, మిమ్మల్నీ తోముతాను" అని మమ్మల్ని నూతి చుట్టూ పరిగెత్తించేవాడు. మాకు రాత్రి అన్నం కలిపి పెట్టేదీ ఆయనే. మా వీధిలో ఆడపిల్లలకి అన్నం కలిపి పెట్టే మగాడు ఇంకొకడు లేడు. ఆ ముద్దల్లో తవుడు వాసన ఉండేది. నేను అది అన్నం వాసనే అనుకునేదాన్ని.

ఇలా ఉండగా ఒక వానాకాలం చిట్టికి జ్వరం వచ్చింది. తగ్గుతుంది తగ్గుతుంది అనుకుంటుంటే పెరిగింది. నాలిక ఎండిపోయింది. పిచ్చి మాటలు మొదలెట్టింది. బజారు కాంపౌండరు చూసి, "నా చేతిలో లేదు, రైల్వే ఆసుపత్రికి తీసుకుపోండి" అన్నాడు. రైల్వే ఆసుపత్రి రైల్వేవాళ్ళకి. మేము కాము. మా అమ్మ ఆ రోజు మా అయ్యని ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. చిట్టిని ఒళ్ళో వేసుకుని సాల వైపు చూస్తూ కూర్చుంది.

మా చిన్నాన్న డ్యూటీ నుంచి ఆ నూనె బట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. "వదినా, లెగు. నా కూతురని సెప్పీస్తాను. నాకు ఇద్దరు కొడుకులే కదా, కూతురున్నాదో నేదో ఆళ్ళకేటి తెలుస్తాది?" అన్నాడు. మా అయ్య తల ఊపాడు. దారిలో రిక్షాలో చిన్నాన్న చిట్టి చెవిలో మళ్ళీ మళ్ళీ చెప్పాడు: "ఒలే చిట్టీ, అక్కడ నన్ను అయ్యా అనాల. మీ అయ్యని ఏటీ అనకు. తెలిసినాదా?" దానికి ఒళ్ళు తెలియని జ్వరం. అయినా విన్నట్టుంది.

చేర్చుకున్నారు. మంచి వైద్యం చేశారు. కాదనను. రోజూ పొద్దున్నా సాయంత్రం మా అయ్య సుక్కమ్మ పాలు కాచి, చల్లార్చి, చిన్న క్యానులో పట్టుకెళ్ళేవాడు. నేనూ వెంట వెళ్ళేదాన్ని. మంచం పక్కన బల్ల మీద చిన్నాన్న కూర్చునేవాడు, తండ్రి కదా. మా అయ్య గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఒక రోజు అక్కడ పనిచేసే నర్సమ్మ వచ్చింది. గుంటూరు వైపు క్రైస్తవుల అమ్మాయి, మంచి మనిషి. మా అయ్యని చూసి, "ఎవరండీ ఈయన, రోజూ వచ్చి అలా నిలబడి ఏడుస్తారు?" అని చిన్నాన్నని అడిగింది. చిన్నాన్న బల్ల మీంచి సగం లేచాడు.

"మా పాలోడండి," అన్నాడు. "పిల్లంటే ఇష్టం."

ఆమె మా అయ్య వైపు తిరిగింది. నిజమేనా అన్నట్టు చూసింది. మా అయ్య క్యాను కింద పెట్టి, కండువా తీసి చంకలో పెట్టుకుని, "అవునమ్మా, పాలోడ్ని" అన్నాడు.

చిట్టి బతికి ఇంటికొచ్చింది. జుట్టంతా ఊడిపోయి, పిట్టలా వచ్చింది. ఒక్క మెతుకు తిన్నా మాకు పండగే. కానీ అక్కడ నేర్పిన మాట దానికి అంటుకుపోయింది. చిన్నాన్న గుమ్మంలో అడుగుపెడితే "అయ్యా" అని చేతులు చాచేది. చిన్నాన్న సిగ్గుపడి, "నేను కాదే, అడుగో మీ అయ్య" అంటే, అది మా అయ్య వైపు చూసి, "అతను పాలోడు" అనేది. అందరం నవ్వేవాళ్ళం. మా అయ్యా నవ్వేవాడు. కొన్నాళ్ళకి అది ఆ మాట మానేసింది, పిల్లలు కదా. మా అయ్య మాత్రం మరిచిపోలేదు.

ఒక సాయంత్రం గేదెల్ని తోముతూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు. "ఒరే తమ్ముడూ, షెడ్డులో ఇంజన్లు తుడవడానికి మడుసులు గావాలన్నావు. ఇంకా తీసుకుంటన్నారా?"

"తీసుకుంటన్నారు. ఎవులికి?"

"నాకే."

చిన్నాన్న నోరు తెరిచాడు. "నీకా? అన్నా, అక్కడ పగలు లేదు, రేయి లేదు. పిలిస్తే ఎల్లాల. గేదెలకేమో ఒక్క సెయ్యి, ఒక్క ఏళ ఉండాల. రెండూ కుదరవు."

"తెలుసురా. అమ్మీస్తాను."

మా నాయనమ్మ అరుగు మీద నుంచి అంతా విన్నది. ఇన్నేళ్ళు ఆ మాట కోసమే తిట్టిన మనిషి, కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఉద్యోగం వచ్చింది. గేదెలకి మేదినీపూర్ నుంచి బేరగాడు వచ్చాడు. మాలో గేదెని అమ్మితే పలుపుతో అమ్మరు. మన తాడు మన దగ్గరే ఉండాలి, కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాలి. అతను కొత్త తాళ్ళు తెచ్చాడు. మా అయ్య ఒక్కొక్కదాని మెడలోంచి పాత పలుపు విప్పి భుజం మీద వేసుకుంటున్నాడు. నేనూ చిట్టీ గోడకి ఆనుకుని నిలబడ్డాం. సుక్కమ్మ దగ్గరకి వచ్చేసరికి ఆయన వేళ్ళకి ముడి చిక్కలేదు. రోజూ వేసే ముడి. ఆయన అలా తడుముకుంటూ ఉంటే, మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. బేరగాడి చేతిలో కొత్త తాళ్ళు లాక్కుని కంచె అవతలికి విసిరేసింది.

"ఏటే? ఏటైనాది నీకు?" అన్నాడు మా అయ్య.

"నువ్వు ఎల్లు షెడ్డుకి. ఎవులు ఒద్దన్నారు? ఇయి నా కాడుంటాయి."

"నీకు సవతులు కదే!"

"సవతులే. అయితే? మొగుణ్ణి రైలు కంపెనీకి ఇచ్చీసినాను. సవతుల్ని కూడా ఇచ్చీయాలేటి? ఇంట్లో నేను ఎవులితో తగువాడాల?"

బేరగాడు తిట్టుకుంటూ తాళ్ళు ఏరుకుని వెళ్ళిపోయాడు. మా అయ్య భుజం మీద పలుపులు మళ్ళీ ఒక్కొక్క మెడలో పడ్డాయి.

అప్పటి నుంచి మా ఇంట్లో మా అమ్మ తెల్లారకముందే లేచేది. మొదటి రోజుల్లో సుక్కమ్మ ఆమెని ఎన్ని తిప్పలు పెట్టిందో. మా అమ్మ బెల్లం పెట్టింది, బతిమాలింది, తిట్టింది. చివరికి తిట్లకే లొంగింది. మా అయ్య మాటలు చెబితే చేపిన గేదె, మా అమ్మ దాని ఏడు తరాలనీ సన్నగా తిడుతూ పొదుగు నిమిరితే చేపేది. పాలు పొయ్యడానికి నేను వెళ్ళేదాన్ని. బడి లేదు, అక్షరాలు లేవు, అందుకే అవి అంత ఆలస్యంగా వచ్చాయి. నాకు దాని మీద ఏడుపు లేదు. చిట్టి చదువుకుంది, రైల్వే బళ్ళో. జబ్బు చేస్తే మా పేరు మీద, మా అయ్య పేరు మీద ఆసుపత్రికి వెళ్ళాం. పాసు మీద ఊరు వెళ్ళాం. తరువాత ఇంటికి పెంకులు కూడా వచ్చాయి.

మా అయ్య మాత్రం ఏ వేళకి వస్తాడో ఏ వేళకి వెళతాడో తెలిసేది కాదు. బొగ్గు మసి, ఇంజను నూనె, ఆవిరి కలిసిన వాసన ఆయనకంటే ముందు గుమ్మంలోకి వచ్చేది. నూతి దగ్గర బూడిదతో, సబ్బుతో ఎంతసేపు తోముకున్నా గోళ్ళ చుట్టూ నల్లగా ఉండేది. మాకు అన్నం కలిపి పెట్టడం మానేశాడు. మేము వద్దనలేదు. ఆయనే ఒక రోజు ముద్ద కలిపి, తన వేళ్ళు వాసన చూసుకుని, పళ్ళెం మా అమ్మ వైపు జరిపాడు. నేను ఆ ముద్ద కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను అంటే నవ్వుతారు. నవ్వండి. నాకిప్పుడు డెబ్బై దాటాయి, తినడానికి ఏ లోటూ లేదు, పిల్లలు రెండు రకాల బియ్యం తెస్తారు. ఆ తవుడు వాసన ముద్ద ఏ బియ్యంలోనూ లేదు. ఆ పాత బతుకు మంచిది, ఈ బతుకు చెడ్డది అని నేను చెప్పను. ఆ బతుకులో చిట్టి చచ్చిపోవలసింది. అయినా అది కావాలనిపిస్తుంది.

విశ్వకర్మ పూజ నాడు కార్ఖానా వాళ్ళకి సెలవు. ఆ యేడు మా అయ్యకి కూడా కలిసొచ్చి రెస్టు పడింది. చిన్నాన్న కుటుంబంతో వచ్చాడు. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని మా అయ్య పెళ్ళికొడుకులా ఉన్నాడు. సాయంత్రం పాలు తీసే వేళకి మా అమ్మ చేతిలోంచి గిన్నె తీసుకుని, "నువ్వు కూకో. ఈయేళ నేను పితుకుతాను" అన్నాడు. మా అమ్మ అరుగు మీద కూర్చుంది.

సుక్కమ్మ కొత్తగా ఈనింది. మా అయ్య దూడని విడిచాడు, అది కాస్త తాగాక పక్కన కట్టాడు, గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. పాత పద్ధతిలోనే దాని పొట్టకి నుదురు ఆనించాడు. సుక్కమ్మ మెడ వెనక్కి తిప్పి ఆయన్ని వాసన చూసింది. బుస్సుమని ఊపిరి వదిలి, పక్కకి జరిగింది. ఆయన మళ్ళీ దగ్గరకి జరిగాడు. షెడ్డు సంగతులు చెప్పాడు, పాత సంగతులు చెప్పాడు. చుక్క పడలేదు. ఇంకోసారి ముట్టుకునేసరికి కాలెత్తి గిన్నెని తన్నింది.

చిన్నాన్న పకపకా నవ్వాడు. "అన్నా! నీకు గేట్ పాస్ నేదు. లోపలికి రానియ్యదు!"

పిల్లలందరం నవ్వాం. మా అయ్య గిన్నె తీసి మట్టి తుడిచాడు. మా అమ్మ లేచింది. "నే వస్తాను, దానికి కొత్తగా ఉన్నాది" అంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, "ఒద్దు" అన్నాడు. పాలవాళ్ళలో ఒక వాడుక ఉంది. పితికే మనిషి ఊరికెళితే, వాళ్ళు తొడిగి విడిచిన బట్ట ఇంకొకళ్ళు కప్పుకుని కూర్చుంటారు. గేదె ఆ వాసనకి మోసపోతుంది. గోల్ బజార్ దగ్గర బిహారీ పాలవాడు ఒకసారి తన పెళ్ళాం చీర కప్పుకుని పితికితే మా అయ్య ఏడాది పాటు అతన్ని వెక్కిరించాడు.

దండెం మీద మా అమ్మ పొద్దున సాలలో కట్టిన చీర ఉంది. ఇంకా ఉతకలేదు, తవుడూ పేడా అంటుకుని ఉంది. మా అయ్య వెళ్ళి దాన్ని తీశాడు. తల మీదుగా కప్పుకున్నాడు. చిన్నాన్న నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయాడు. చిట్టి చప్పట్లు కొట్టింది. ఆ చీర కింద ఆయన మీసాలు చూసి నేనూ నవ్వాను. ఆయన కూడా మా వైపు చూసి నవ్వి, గిన్నె పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. సుక్కమ్మ తల తిప్పింది, చీరని వాసన చూసింది, గడ్డి వైపు తిరిగిపోయింది. కాసేపటికి గిన్నెలో పాల చప్పుడు మొదలైంది. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడితే సుక్కమ్మ ఆయన గొంతు పోల్చుకుంటుందేమో అని కాబోలు.

మా అమ్మ ఒక్కతే నవ్వలేదు. దగ్గరకి వెళ్ళి నిలబడి, చాలా మెల్లగా అంది: "కొంగు సరిగ్గా కప్పుకో. మొకం కనబడతన్నాది."

ఆయన ఒక చేత్తో కొంగు ముందుకి లాక్కున్నాడు. ఆ తరువాత మాకు ఆయన ముఖం కనబడలేదు. పాలు పడుతున్న చప్పుడే, సన్నగా మొదలై, బొద్దుగా మారే వరకు.